సస్పెన్షన్ బుష్షు

సస్పెన్షన్ బుష్షు అనగా మోటారు వాహనాలలో కమాను కట్టలు, కంట్రోల్ ఆర్మ్‌లు, షాక్ అబ్జార్బర్లు మొదలైనవి ఛాసిస్‌కు కలిసే చోట, రెండు లోహ భాగాల నడుమ అమర్చే గొట్టం వంటి చిన్న భాగము. దీనిని ఎక్కువగా రబ్బరుతో తయారు చేస్తారు. పాలియూరిథేన్, నైలాన్, కంచు మొదలైన పదార్థాలతో చేసినవి కూడా వాడుకలో ఉన్నాయి. లోహ భాగాలు ఒకదానితో ఒకటి ఒరుసుకోకుండా కదలడానికి వీలు కల్పించడం, చక్రాల నుండి వచ్చే కుదుపులలో కొంత భాగాన్ని తనలో ఇముడ్చుకోవడం దీని ప్రధానమైన పనులు.

తారు రోడ్డుపై నడిచే కారులో బుష్షు ఎంపిక ముఖ్యంగా ప్రయాణ సుఖానికి సంబంధించిన విషయము. పొలాల బాటలలో, అడవి దారులలో, మట్టి తవ్వకాలు జరిగే చోట్ల తిరిగే వాహనాలలో మాత్రం ఆ ఎంపిక ఛాసిస్‌పై ఉండే మౌంట్ల ఆయుష్షును కూడా నిర్ణయిస్తుంది. బుష్షు ఇచ్చే మెత్తదనం తగ్గినకొద్దీ ఆ భారమంతా మౌంటుపై, దానిని ఛాసిస్‌కు కలిపే వెల్డింగు అతుకుపై పడుతుంది. అరిగిన బుష్షును మార్చడం కొద్ది ఖర్చుతో, ఒక పూటలో పూర్తయ్యే పని. చీలిన మౌంటును సరిచేయడం అంత సులభం కాదు. అది నడుస్తున్న వాహనంలో ఊడితే ఇరుసు పక్కకు జరిగి, వాహనం అదుపు తప్పే ప్రమాదం ఉన్నది.

== నేపథ్యం ==

రెండు గట్టి వస్తువులు ఒకదానిపై మరొకటి కదిలే చోట అరుగుదల తప్పదు. అరిగే భాగం చిన్నదిగా, చవకగా, మార్చుకోవడానికి వీలుగా ఉండాలన్నది పాతకాలం నుండి తెలిసిన సూత్రమే. ఎడ్లబండి చక్రం నడిమి రంధ్రంలో ఇనుప గొట్టాన్ని బిగించి, ఇరుసుకు కందెన పూయడం ఈ సూత్రాన్ని అనుసరించినదే. గొట్టం అరిగితే దానిని మార్చుకోవచ్చును, చక్రాన్ని పారవేయనక్కరలేదు. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అనే తెలుగు సామెత ఈ నిర్లక్ష్యాన్ని గురించినదే.

మోటారు వాహనంలో బుష్షు కూడా ఇటువంటి త్యాగభాగమే. తాను అరిగిపోయి మౌంటును కాపాడుతుంది. కావున ఎక్కువ కాలం మన్నే బుష్షే మంచి బుష్షు అనుకోవడం సరి కాదు. తాను ఎంతకాలం మన్నినది అన్నదానితో పాటు, తన చుట్టూ ఉన్న భాగాలను ఎంతకాలం మన్ననిచ్చినది అన్నది కూడా చూడాలి.

== నిర్మాణం ==

సాధారణ రబ్బరు బుష్షులో మూడు పొరలుంటాయి. లోపల ఒక ఉక్కు గొట్టం, దాని చుట్టూ రబ్బరు, వెలుపల మరొక ఉక్కు గొట్టం. లోపలి గొట్టం గుండా బోల్టు వెళ్ళి దానిని బ్రాకెట్టు చెవుల మధ్య గట్టిగా బిగిస్తుంది. వెలుపలి గొట్టాన్ని కమాను కన్నులో గాని, ఆర్మ్ చివరి రంధ్రంలో గాని ప్రెస్సుతో ఎక్కిస్తారు. రబ్బరు రెండు గొట్టాలకూ రసాయనికంగా అతుక్కొని ఉంటుంది. కమాను కదిలినప్పుడు లోపలి గొట్టం తిరగదు, నడుమ ఉన్న రబ్బరు మాత్రమే మెలితిరుగుతుంది. జారే తలాలు లేనందున దీనికి గ్రీజు అవసరం లేదు.

బుష్షుపై పడే కదలికలు నాలుగు రకాలు:

* వ్యాసార్ధ దిశలో నొక్కుడు: చక్రం రాతిని గుద్దినప్పుడు, బ్రేకు వేసినప్పుడు కలుగుతుంది.
* అక్షం వెంబడి జరుగుడు: మలుపులలో, పక్కవాలు నేలలో కలుగుతుంది.
* మెలి: చక్రం పైకి, కిందకు కదిలినప్పుడు బోల్టు చుట్టూ కలుగుతుంది.
* శంఖువు ఆకారపు వంపు: ఒక చక్రం గట్టు మీద, మరొకటి గుంతలో ఉన్నప్పుడు ఇరుసు పక్కకు ఒరగడం వలన కలుగుతుంది.

మంచి రోడ్డు మీద మొదటి మూడు కదలికలే ఎక్కువ. నాలుగవది కచ్చా దారులలో అడుగడుగునా ఎదురవుతుంది. మౌంట్ల అరుగుదలలో దీని పాత్ర చాలా పెద్దది.

== చరిత్ర ==

రబ్బరును గంధకంతో కలిపి వేడి చేస్తే అది ఎండకు జిగురుగా మారకుండా, చలికి పెళుసెక్కకుండా ఉంటుందని అమెరికాకు చెందిన ఛార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్నాడు. 1844లో దీనికి పేటెంటు పొందాడు. వల్కనీకరణం అనబడే ఈ ప్రక్రియ లేకపోతే రబ్బరును యంత్రభాగంగా వాడడం సాధ్యమయ్యేది కాదు.

తొలినాటి మోటారు వాహనాలలో కమాను కన్నులకు కంచు లేదా ఉక్కు బుష్షులు ఉండేవి. వీటికి తరచుగా గ్రీజు పెట్టవలసి వచ్చేది. 1920లలో రబ్బరును రెండు లోహపు గొట్టాల నడుమ బిగించే విధానం ఐరోపాలో ప్రచారంలోకి వచ్చింది. సైలెంట్‌బ్లాక్ అనే పేరు అప్పటిదే. నేటికీ మెకానిక్కులు రబ్బరు బుష్షును ఆ పేరుతో పిలవడం కద్దు.

రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపులో కమాను షాకిళ్ళకు మరలు కోసిన లోహపు బుష్షులు, గ్రీజు నిపుళ్ళు ఉండేవి. భారతదేశంలో ఈ జీపుల కూర్పును 1940ల చివరలో మహీంద్రా సంస్థ చేపట్టింది. 1985లో వచ్చిన మారుతి జిప్సీకి నాలుగు చక్రాల వద్దా కమాను కట్టలు, వాటి చివరలకు రబ్బరు బుష్షులు ఉన్నాయి. 2010లో వచ్చిన మహీంద్రా థార్‌కు వెనుకవైపు కమాను కట్టలే ఉండగా, 2020లో వచ్చిన కొత్త థార్‌కు వెనుకవైపు కాయిల్ స్ప్రింగులు, ఇరుసును పట్టి ఉంచే లింకులు అమర్చారు. ప్రతి లింకుకు రెండు చివరలా బుష్షులుండటం వలన, కొత్త తరం వాహనాలలో బుష్షుల సంఖ్య, వాటితో పాటు మౌంట్ల సంఖ్య కూడా పెరిగింది.

పాలియూరిథేన్‌ను జర్మనీలో ఒట్టో బేయర్ బృందం 1937లో రూపొందించింది. దానితో చేసిన బుష్షులు మొదట పందెపు కార్లకు, తరువాత కొండదారులలో తిరిగే వాహనాలకు వ్యాపించాయి.

== పదార్థాలు ==

రబ్బరు వంటి పదార్థాల గట్టిదనాన్ని షోర్ ఎ అనే కొలమానంపై చెబుతారు. ఈ కొలమానంలో అంకె పెరిగినకొద్దీ పదార్థం గట్టిది.

'''సహజ రబ్బరు:''' సాధారణంగా 50 నుండి 70 షోర్ ఎ వరకు ఉంటుంది. నాలుగు దిశలలోనూ సులభంగా వంగుతుంది. చీలికను బాగా తట్టుకుంటుంది. అయితే ఇంజను ఆయిలు, డీజిలు, సాధారణ గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ఎండకు, గాలిలోని ఓజోనుకు పైపొర పగుళ్ళు బారుతుంది.

'''ఖాళీలు ఉంచిన రబ్బరు:''' రబ్బరును నొక్కితే దాని ఘనపరిమాణం దాదాపుగా మారదు, ఒకచోట నొక్కితే మరొకచోట ఉబుకుతుంది. అందువలన బుష్షులో ఒక దిశలో ఖాళీలు వదిలితే ఆ దిశలో మెత్తగా, మిగిలిన దిశలలో గట్టిగా పనిచేస్తుంది. ఇటువంటి దానిని అమర్చేటప్పుడు ఖాళీలు సరియైన దిశలో ఉండేలా చూడాలి.

'''పాలియూరిథేన్:''' సాధారణంగా 70 నుండి 95 షోర్ ఎ వరకు ఉంటుంది. నూనెలను, ఒరిపిడిని బాగా తట్టుకుంటుంది. వీటిలో చాలావరకు లోపలి గొట్టానికి అతుక్కొని ఉండవు, గొట్టంపై జారుతూ తిరుగుతాయి. కావున మెలికి అడ్డుపడవు. కాని శంఖువు ఆకారపు వంపుకు గట్టిగా ఎదురుతిరుగుతాయి.

'''నైలాన్, కంచు:''' ఇవి వంగవు. తిరగడం ఒక్కటే వీటి పని. గ్రీజు అందుతున్నంతకాలం బాగా పనిచేస్తాయి. కుదుపులను ఇముడ్చుకోలేవు.

'''గోళాకార కీళ్ళు:''' లోహపు గిన్నెలో లోహపు గోళం తిరిగే కీళ్ళు. మెలికి, శంఖువు ఆకారపు వంపుకు అడ్డుచెప్పవు. కాని దెబ్బను యథాతథంగా మౌంటుకు చేరవేస్తాయి. దుమ్ములో త్వరగా అరుగుతాయి.

== మౌంటు అరిగే విధానం ==

మౌంటు చెడిపోవడానికి ప్రధానంగా నాలుగు కారణాలున్నాయి.

=== 1. దెబ్బ తీవ్రత ===

కమాను కట్ట నిలువుగా బాగా వంగుతుంది. ముందు వెనుకల దిశలో మాత్రం అది దాదాపు కడ్డీ వంటిది. చక్రం రాతిని ఎదురుగా గుద్దినప్పుడు ఆ దిశలో మెత్తదనం ఇచ్చేది టైరు తరువాత బుష్షు మాత్రమే. ఉదాహరణకు, 40 కిలోల ఇరుసు భాగం ఛాసిస్‌తో పోలిస్తే సెకనుకు 1 మీటరు వేగాన్ని కోల్పోవలసి వచ్చిందనుకుందాము. ద్రవ్యవేగంలో మార్పు 40 ప్రమాణాలు. ఇది 0.005 సెకనులో జరిగితే మౌంటుపై పడే సగటు బలం 8,000 న్యూటన్లు. బుష్షు నలిగి అదే మార్పు 0.010 సెకనులో జరిగితే సగటు బలం 4,000 న్యూటన్లు. దెబ్బ ఒక్కటే, దానిని అందుకొనే కాలం మారింది. క్రికెట్ ఆటగాడు బంతిని పట్టేటప్పుడు చేతులు వెనుకకు తీసుకోవడం కూడా ఇందుకొరకే.

=== 2. ఒరుగుడు ===

రెండు చక్రాల మధ్య దూరం 1.3 మీటర్లు ఉన్న వాహనంలో ఒక చక్రం 20 సెంటీమీటర్ల రాయి ఎక్కితే ఇరుసు నేలతో పోలిస్తే సుమారు 9 డిగ్రీలు ఒరుగుతుంది. అందులో కొంత వాహనపు మేను కూడా ఒరగడంతో సరిపోతుంది. మిగిలినది కమాను కట్టల మెలి, బుష్షుల వంపు భరించాలి. బుష్షు వంగకపోతే బ్రాకెట్టు చెవులు వంగవలసి వస్తుంది. పలుచని రేకుతో చేసిన బ్రాకెట్టు ఇటు అటు వంగి వంగి, వెల్డింగు ముగిసే చోట మొదట సన్నని చీలిక ఏర్పడుతుంది. ఇనుప తీగను పలుమార్లు వంచి తెంపడంలో జరిగేది కూడా ఇదే. దీనిని లోహపు అలసట అంటారు.

వెల్డింగు అతుకుల ఆయుష్షు వాటిపై మాటిమాటికి పడే ప్రతిబలపు ఘనానికి సుమారుగా విలోమానుపాతంలో ఉంటుంది. ప్రతిబలం రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదవ వంతుకు పడిపోతుంది. ప్రతిబలం 25 శాతం పెరిగినా ఆయుష్షు సగమవుతుంది. డ్రైవరుకు తెలియనంత చిన్న మార్పు కూడా కొన్నేళ్ళ తరువాత పెద్ద నష్టానికి కారణం కావడం ఇందువలననే.

=== 3. బోల్టు రంధ్రం సాగుట ===

లోపలి గొట్టం బ్రాకెట్టు చెవుల మధ్య గట్టిగా బిగిసి ఉన్నంతవరకు భారాన్ని ఘర్షణ మోస్తుంది. బోల్టు వదులైతే గొట్టం అటూ ఇటూ కదిలి రంధ్రపు అంచును కొడుతుంది. గుండ్రని రంధ్రం క్రమంగా కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. ఆ తరువాత ఎంత కొత్త బుష్షు వేసినా నిలువదు.

=== 4. దుమ్ము, బురద ===

జారే రకపు బుష్షులలోకి ఇసుక చేరితే అది ఆకురాయి వలె పనిచేస్తుంది. ఇసుకలో ఉండే క్వార్ట్‌జ్ కాఠిన్యం మోస్ కొలమానంపై 7. ఇది సాధారణ మెత్తని ఉక్కు కంటె గట్టిది. కావున ఇసుకతో కలిసిన గ్రీజు అరుగుదలను తగ్గించకపోగా పెంచుతుంది.

== అతి మెత్తదనం వలన నష్టం ==

పై విషయాలను బట్టి బుష్షు ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదని భావించరాదు. మరీ మెత్తని లేదా చీలిపోయిన రబ్బరు పూర్తిగా నలిగి, లోపలి గొట్టం వెలుపలి గొట్టాన్ని తాకుతుంది. అప్పుడు లోహం లోహాన్ని కొట్టడం వలన దెబ్బ తీవ్రత మరింత పెరుగుతుంది. ఇరుసు ముందుకు వెనుకకు జరిగి టైర్లు ఏకరీతిగా అరగవు, స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. నిండు బరువుతో వెళ్ళే వాహనానికి ఖాళీ వాహనం కొరకు రూపొందించిన మెత్తని బుష్షు సరిపోదు.

== కోడేరు ప్రాంతంలో ==

కోడేరు తెలంగాణ రాష్ట్రం, నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఒక మండల కేంద్రము. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. బుష్షుల అరుగుదలను ప్రభావితం చేసే నేల, ఎండ, పని మూడూ ఈ ప్రాంతంలో కలిసి కనిపిస్తాయి.

ఈ ప్రాంతపు ఎర్ర చెలక నేలలు గ్రానైటు జాతి శిలలు శిథిలమై ఏర్పడినవి. వీటిలో క్వార్ట్‌జ్ ఇసుక రేణువులు ఎక్కువ. వేసవిలో ఈ దుమ్ము జారే బుష్షులలోకి, కీళ్ళలోకి చేరుతుంది. నల్లరేగడి నేలలలో వానాకాలం వచ్చే చిక్కు వేరు. జిగట బురద బ్రాకెట్టు చుట్టూ పేరుకొని, ఎండి, చీలికలు కంటికి కనబడకుండా కప్పివేస్తుంది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం వలన ఆరుబయట నిలిపిన వాహనాల రబ్బరు త్వరగా గట్టిపడుతుంది.

'''ట్రాక్టరు:''' సాధారణ వ్యవసాయ ట్రాక్టరు వెనుక ఇరుసుకు కమానులు గాని, స్ప్రింగులు గాని ఉండవు. ముందు ఇరుసు మాత్రం నడిమి పిన్నుపై ఊగుతూ ఎత్తుపల్లాలకు అనుగుణంగా ఒరుగుతుంది. ఆ పిన్ను చుట్టూ ఉండేది గ్రీజుతో పనిచేసే లోహపు బుష్షు. వరి మడిలో కేజ్‌వీల్స్‌తో దమ్ము చేసేటప్పుడు బురదనీరు దీనిలోకి చేరుతుంది. పని ముగిసిన వెంటనే కడిగి, పాత గ్రీజు బురదతో సహా వెలుపలికి వచ్చేవరకు కొత్త గ్రీజు ఎక్కించకపోతే బుష్షు, పిన్ను, చివరకు పిన్నును మోసే మౌంటు వరుసగా అరుగుతాయి. ఈ చోట రబ్బరు కంటె లోహమే తగినది, ఎందుకనగా ఇక్కడ కావలసినది పెద్ద కోణంలో ఊగడం.

'''టిప్పర్లు:''' శ్రీశైలం జలాశయపు వెనుకనీటి నుండి నీటిని ఎత్తిపోసే మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకం, 2015లో శంకుస్థాపన జరిగిన పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకం ఈ ప్రాంతానికి చెందినవే. జలాశయాల కట్టలు, కాలువల పనులలో మట్టి, రాయి మోయడానికి టిప్పర్లు అవసరం. రెండు వెనుక ఇరుసులు గల టిప్పర్లలో ఇరుసులను ముందు వెనుకలకు జరగకుండా పట్టి ఉంచే టార్క్ రాడ్లకు రబ్బరు బుష్షులుంటాయి. ఇవి చీలితే బ్రేకు వేసిన ప్రతిసారీ రాడ్డు మౌంటుకు సుత్తిదెబ్బ తగులుతుంది.

'''అడవి దారులు:''' జిల్లాలోని నల్లమల అడవులలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉన్నది. రాళ్ళు తేలిన వాగులు, వాలు దారులు దాటే వాహనాలలో ఇరుసు ఒరుగుడు ఎక్కువ. ఇటువంటి చోట గట్టి పాలియూరిథేన్ బుష్షులు స్టీరింగును బిగువుగా ఉంచినా, బ్రాకెట్లకు అదనపు బలం కల్పించకుండా వాటిని వాడితే చీలికలు త్వరగా వచ్చే అవకాశం ఉన్నది. మనుషులు లేని దారిలో మౌంటు ఊడిన వాహనంలో ఉన్నవారికి సహాయం అందడం కష్టం.

== ఎంపిక ==

ఒకే వాహనంలో అన్ని చోట్లా ఒకే రకపు బుష్షు వాడనవసరం లేదు. ఆయా చోట ఏ కదలిక ప్రధానమో చూసి ఎంచుకోవాలి.

* కమాను ముందు కన్ను: ఇరుసు లాగుడంతా ఇక్కడే పడుతుంది. మధ్యస్థమైన గట్టిదనం గల, లోహానికి అతికిన రబ్బరు సాధారణంగా తగినది.
* షాకిల్: కమాను సాగినప్పుడు దాని పొడవు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటిచ్చేది షాకిల్ ఊగుడు. ఇక్కడ మెలి ప్రధానం. గ్రీజు పెట్టడానికి వీలున్న పాలియూరిథేన్ వాడవచ్చును.
* ఇరుసు లింకులు, రేడియస్ ఆర్మ్‌లు: ఒరుగుడు ఎక్కువ. మెత్తని రబ్బరు లేదా గోళాకార కీలు తగినవి.
* షాక్ అబ్జార్బరు కన్నులు: చిన్న కోణపు కదలికలు, వేగంగా మారే బలం. రబ్బరు సరిపోతుంది.
* బరువులు మోసే వాహనాలు: తయారీదారు సూచించిన గట్టిదనాన్నే వాడడం క్షేమం.

పాత బుష్షు త్వరగా అరుగుతున్నదని దాని స్థానంలో మరింత గట్టిది వేయడం తరచుగా జరిగే పొరపాటు. త్వరగా అరగడానికి అధిక బరువు, వంగిన బ్రాకెట్టు, ఆయిలు కారుట, తప్పు బిగింపు వంటి కారణాలు ఉండవచ్చును. కారణాన్ని సరిచేయకుండా గట్టి బుష్షు వేస్తే అరుగుదల ఆగదు, బుష్షు నుండి మౌంటుకు మారుతుంది.

== బిగింపులో జాగ్రత్తలు ==

లోహానికి అతికిన రబ్బరు బుష్షును బిగించేటప్పుడు వాహనపు బరువు చక్రాలపై ఉండాలి. జాకీపై ఎత్తి, ఇరుసు వేలాడుతున్నప్పుడు బోల్టును పూర్తిగా బిగిస్తే రబ్బరు ఆ స్థితిలోనే పట్టుబడుతుంది. వాహనాన్ని కిందకు దించగానే రబ్బరు మెలితిరిగి, నిలిచి ఉన్నప్పుడు కూడా ఒత్తిడిలోనే ఉంటుంది. ఇటువంటి బుష్షు కొద్దికాలంలోనే చీలుతుంది. మొదట బోల్టును వదులుగా పెట్టి, వాహనాన్ని చక్రాలపై దించి, కొంత ఊపి, ఆ తరువాత సూచించిన టార్క్‌తో బిగించడం సరియైన పద్ధతి.

బుష్షును సుత్తితో నేరుగా కొట్టి ఎక్కించరాదు. రబ్బరు బుష్షు ఎక్కడానికి ఇంజను ఆయిలుకు బదులు సబ్బునీరు వాడవచ్చును. పాలియూరిథేన్ బుష్షులకు సిలికాన్ గ్రీజు తగినది.

== లోపాలను గుర్తించుట ==

* గుంతలలో టక్కుమనే శబ్దం, బ్రేకు వేసినప్పుడు వాహనం ఒక పక్కకు లాగుట.
* లోపలి గొట్టం నడిమి నుండి ఒక పక్కకు జరిగి కనబడుట.
* బోల్టు చుట్టూ తుప్పురంగు పొడి. ఇది బోల్టు వదులై లోహం ఒరుసుకొంటున్నదనడానికి గుర్తు.
* బ్రాకెట్టు వెల్డింగు అంచున సన్నని గీత. బురద కడిగి, తుడిచి, ఆరిన తరువాత చూస్తే తుప్పు గీతగా కనబడుతుంది.

చీలిక కనబడితే దానిపై మరొక వరుస వెల్డింగు వేయడం చాలదు. చీలిక చివర చిన్న రంధ్రం చేసి అది పాకకుండా ఆపి, చీలికను గాడి చేసి నింపి, అవసరమైతే అదనపు పట్టీతో బలపరచాలి. ఆ తరువాత బుష్షును కూడా మార్చాలి. లేనియెడల చీలిక మరల అదే చోట గాని, అదనపు పట్టీ అంచున గాని మొదలవుతుంది.

== ఇవి కూడా చూడండి ==

* ఛాసిస్
* షాక్ అబ్జార్బరు
* వల్కనీకరణం
* ఘర్షణ
* కోడేరు
* నల్లమల అడవులు